గింజ చూసే వేళ్ళు

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మేం సామాన్లు తెచ్చుకునే కిరాణా దుకాణం ఆయనకు నేనంటే విసుగు. చక్కెర అడిగి ఊరికే పొట్లం పట్టుకుని రాను. చిటికెడు అరచేతిలో పోయించుకుని, వెలుతురు వైపు తిరిగి, వేలితో అటూ ఇటూ జరిపి చూస్తాను. "ఏంది మేడం, బంగారం కొన్నట్టు చూస్తరు" అన్నాడు మొన్న. గింజ ఒక్క తీరుగా లేదని, పెద్ద గింజల్లో పొడి కలిసి ఉందని, దించిన మనిషి తొందరపడ్డాడని చెప్పాను. "దించుడేంది?" అన్నాడు. చక్కెరను దించుతారని కూడా తెలియకుండా ఇన్నేళ్ళుగా అమ్ముతున్నాడు మహానుభావుడు. నేను చెప్పడం మొదలుపెడితే వెనక నిలబడ్డవాళ్ళకు ఆలస్యమవుతుందని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక రాయాలనిపించింది. పేర్లు రాయను. ఆ రోజుల వాళ్ళెవరైనా చదివితే ఎవరి సంగతో వాళ్ళకే తెలుస్తుంది, తెలియనివాళ్ళకు పేర్లతో పనేముంది.

మాది బోధన్ వైపు పోయే చిన్న రైలు లైను. చిన్నదంటే మాటవరసకు కాదు, నిజంగానే చిన్నది. జానకంపేట దగ్గర పెద్ద లైను నుంచి పక్కకు తిరిగి, చెరకు తోటల మధ్యగా పోయి, ఒకచోట ఆగిపోయేది. ఆ పైన పట్టాలు లేవు. రోజుకు ఒకటి రెండు ప్యాసింజర్లు, మిగతాదంతా గూడ్సు. అప్పటికింకా బొగ్గు ఇంజన్లే. కిటికీ పక్కన కూర్చుని కంట్లో నలుసు పడకుండా దిగిన జ్ఞాపకం నాకు లేదు.

మా తాత, అంటే మేం బాపు అని పిలిచే మా నాన్నకు నాన్న, చక్కెర ఫ్యాక్టరీలోకి పట్టాలు వేసేటప్పుడు మట్టి మోసిన మనిషి. నాకు తెలివి వచ్చేసరికి పని మానేసి ఫ్యాక్టరీ క్వార్టర్ ముందు నులక మంచం మీద కూర్చుని ఉండేవాడు. ఎవరు దొరికితే వాళ్ళకు అదే కథ.

"ముందుగాల రైలొచ్చింది. గా రైలెక్కి మిషన్లొచ్చినయ్. మిషన్ల ఎంబడి మనమొచ్చినం. గీడ ఏముండె? తుమ్మచెట్లు, నక్కలు."

"బాయిలర్ ఎట్ల తెచ్చిండ్రు తాతా?" అని అడగాలి. అడగకపోతే అలిగేవాడు.

"స్టేషన్ల దించి, కింద దుంగలేసి, ఎడ్లను గట్టి గుంజినం. నడుమ ఒక ఎద్దు కూలవడ్డది. దొర ఉరికొచ్చి దానికి నీళ్ళు తాపిచ్చిండు. మాకు తాపియ్యలే."

ఆయన చెప్పింది నిజమే. లైను వెంట ఒకదాని పక్కన ఒకటి లేచాయి. చక్కెర ఫ్యాక్టరీ, చక్కెర తీయగా మిగిలిన నల్లటి పాకంతో స్పిరిట్ కాచే డిస్టిలరీ, ఆ తర్వాత రైస్ మిల్లులు, ఇనుప పనుల షెడ్లు, బీడీ కార్ఖానాలు. కళ్ళు మూసుకుని రైల్లో కూర్చున్నా ఎక్కడున్నానో నాకు తెలిసేది. పులిసిన పాకం వాసన వస్తే మా ఊరు ఇంకా దాటలేదన్నమాట. ఉడికిన వడ్ల వాసన వస్తే మిల్లుల దగ్గర. తునికాకు, పొగాకు కలిసిన ఘాటు తగిలితే నిజామాబాద్ దగ్గరపడినట్టు. దిగాక మార్కెట్ యార్డు వైపు నుంచి పచ్చి పసుపు వాసన. ఇప్పుడు అవన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. పోయాయని చెప్పడానికి నాకు ప్రత్యేకంగా బాధేమీ లేదు. వాసనలే కదా.

చెరకు ఆడించే కాలాన్ని మేమంతా సీజన్ అనేవాళ్ళం. సీజన్ మొదలైతే వాడకట్టు మొత్తం బూడిద. ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నెల మీద, పిల్లల తలల మీద నల్లటి పొర. ఫ్యాక్టరీ కూత పెట్టిందంటే ఇళ్ళలో పొయ్యి వెలిగించేది దాన్ని బట్టే, బడికి పోయేది దాన్ని బట్టే. రోడ్డు మీద చెరకు బండ్లు వరుసగా ఆగి ఉండేవి. ఎడ్లు నిలబడే కునుకు తీసేవి, బండివాళ్ళు బండి కిందే పడుకునేవాళ్ళు. మేం ఆడపిల్లలం నలుగురం కలిసి వెనక నుంచి గడలు లాగేవాళ్ళం. నేను లాగడంలో దిట్టను. ఒకసారి గడతో పాటు కట్టంతా జారి మా మీద పడింది, బండాయన లేచి మరాఠీలో తిట్టాడు. ఏం తిట్టాడో తెలియక నవ్వుకుంటూ పరుగెత్తాం. చెరకు పిప్పి కుప్పల మీద పైనుంచి కిందికి జారి, ఒళ్ళంతా దురదతో ఇంటికి పోతే అవ్వ, అంటే మా అమ్మ, బయటే నిలబెట్టి నీళ్ళు గుమ్మరించేది. మిగులు పాకం జొన్నరొట్టె మీద పోసుకుని తింటే నోరు కొంచెం చేదెక్కేది. అది పశువుల తిండి అని అవ్వ తిట్టేది, ఆమే ఎవరూ చూడకుండా తినేది.

ఇక బాపు సంగతి. చెరకు రసం మరిగి చిక్కబడి గింజ కట్టే పెద్ద ఇనుప పాత్రను ఫ్యాక్టరీలో పాన్ అంటారు. ఇల్లంత ఉంటుంది. దాని పక్కన నిలబడి గింజ ఎప్పుడు పడిందో, ఎంత పెరిగిందో, ఎప్పుడు కిందికి దించాలో చెప్పేవాడు పాన్‌మాన్. మా బాపు పాన్‌మాన్. పాత్ర పక్కనున్న గొట్టంలోంచి కొంచెం పాకం తీసి, గాజు ముక్క మీద పూసి, బల్బు వెలుగుకు పట్టి చూస్తాడు. తర్వాత బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రాస్తాడు. కంటికి కనబడని గింజ కూడా వేలికి తెలుస్తుందట. ఆయన "దించు" అంటే దించాలి. చదువుకున్న కెమిస్టులు కూడా ఆ మాట కోసం ఆగేవాళ్ళు. బాపు చదివింది అయిదో తరగతి. ఇంటికొచ్చాక కూడా ఆయన వేళ్ళు ఊరికే ఉండేవి కావు. అవ్వ పిండి కలిపితే రాసి చూసేవాడు, రవ్వ తెస్తే రాసి చూసేవాడు, నా రిబ్బన్ కూడా రాసి చూసి "మంచి గుడ్డ కాదు" అనేవాడు.

నేను బడికి పోతున్న రోజుల్లో, ఒక సీజన్ మొదట్లో, ఆదివారం పొద్దున అవ్వ రొట్టెలు చేస్తోంది. బాపు పొయ్యి పక్కన కూర్చుని పెనం మీద రొట్టెను చేత్తో తిప్పుతున్నాడు. అది ఆయన అలవాటే. కాసేపటికి ఏదో కాలిన వాసన వచ్చింది. రొట్టె మాడిందనుకుని నేను చూశాను. రొట్టె బాగానే ఉంది. బాపు రెండు వేళ్ళు పెనం అంచుకు ఆనుకుని ఉన్నాయి. ఆయన తాతతో మాట్లాడుతూనే ఉన్నాడు.

అవ్వ చెయ్యి పట్టి లాగింది. వేళ్ళ మీద చర్మం తెల్లగా లేచి ఉంది.

"కాలుతలేదా?" అంది.

బాపు వేళ్ళు చూసుకున్నాడు. "కాలిందా?" అన్నాడు.

అంతే జరిగింది. మిగతా రొట్టెలు అవ్వ చేసింది, మేం తిన్నాం, చర్చికి పోయాం. బాపు ముంజేతి మీద చెరువు మట్టి ఎండినట్టు ఒక తెల్లటి మచ్చ ఉండేది, దాన్ని అవ్వ ఎప్పుడూ గజ్జి అనుకుంది. ఆ రోజు చర్చిలో అవ్వ చూపంతా ఆ మచ్చ మీదే.

నిజామాబాద్ దాటాక వచ్చే ఒక చిన్న స్టేషన్ దగ్గర పెద్ద దవాఖాన ఉండేది. ఆ స్టేషన్ పేరు చెబితే చాలు, మా వైపు వాళ్ళు మనిషికి రెండడుగులు దూరం జరుగుతారు. కుష్టు రోగానికి మందిచ్చే చోటు అది. మా వాళ్ళు ఆ మాట కూడా అనరు, పెద్దరోగం అంటారు. బాపు నెలకోసారి అక్కడికి నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు. ఒంటరిగా పోయే మగవాణ్ణి రైల్లో అందరూ ఎక్కడికని అడుగుతారు, పక్కన బిడ్డ ఉంటే బిడ్డనే అడుగుతారు. ఏం చెప్పాలో అవ్వ నాకు నేర్పింది. "నిజామాబాద్ మార్కెట్‌కు, గౌన్ కొననీకి." ఎంతమంది అడిగితే అంతమందికి అదే చెప్పాను. గౌను మాత్రం ఎవరూ కొనలేదు. నిజామాబాద్‌లో రైలు మారేటప్పుడు ఇరానీ హోటల్లో సమోసా కొనిపెట్టేవాడు. ఉల్లిపాయ పెట్టిన పల్చటి సమోసా. తింటూ ఉంటే ఆయన నా వేళ్ళ వైపు చూసేవాడు. వేడిగా ఉందని నేను చెయ్యి విదిలిస్తే, "కాలుతుందా?" అని అడిగేవాడు, ఏదో కొత్త సంగతి తెలుసుకుంటున్నట్టు.

డాక్టర్ నెమ్మదస్తుడు. మొదటిసారి పోయినప్పుడు బాపును కళ్ళు మూసుకోమని చెప్పి దూది పోగుతో వేళ్ళను తాకాడు. తాకినప్పుడల్లా చెప్పమన్నాడు. బాపు ఎడమ చేతికి చెప్పాడు. కుడి చేతికి చెప్పలేదు. నేను చూస్తూ ఉన్నాను. డాక్టర్ తాకుతూనే ఉన్నాడు, తాకితే చెబుదామని బాపు ఎదురుచూస్తూనే ఉన్నాడు. చివరికి "మొదలువెట్టిండ్రా సార్?" అని అడిగాడు.

"జబ్బు తగ్గిపోతుంది. గోళీలు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటదు, భయం లేదు. స్పర్శ మాత్రం వస్తుందని చెప్పలేను" అన్నాడు డాక్టర్.

ఇంటికొచ్చి బాపు ఆ మాటలన్నీ అవ్వకు అప్పజెప్పాడు. అవ్వ వింది.

"అంటదని డాక్టర్‌కు ఎర్క. వాడకట్టుకు ఎర్కనా?" అంది. "మంది తినే చక్కెర అది. గా చెయ్యితోని గింజ సూస్తున్నవని తెలిస్తే పాన్ కాడ నిలవనిస్తరా? క్వార్టర్ల ఉండనిస్తరా? మా మేనత్తను ఏం జేసిండ్రో మర్సినవా? సేను గట్టు మీద గుడిసేసి పెట్టిండ్రు. సచ్చేదాక గట్టు మీదనే ఉన్నది."

అవ్వ ఆమె సంగతి మళ్ళీ ఎత్తలేదు. నోరు విప్పొద్దని నాతో బైబిల్ మీద చెయ్యి పెట్టించింది. బాపు ఎడమ చేతి వేళ్ళతో గింజ చూడటం నేర్చుకున్నాడు. ఎవరైనా అడిగితే కుడి చెయ్యి కాలిందని చెప్పేవాడు, పాన్ దగ్గర కాలడం మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పొద్దూకే వేళ వేణ్నీళ్ళలో ఆయన చెయ్యి నానబెట్టి, నూనె రాసి, ఎక్కడైనా తెగిందా, బొబ్బ ఉందా అని వేలు వేలూ చూడటం నా పని. నొప్పి తెలియదు కాబట్టి ఎవరో ఒకరు చూడాలని డాక్టర్ చెప్పాడు. మొదట్లో భయమేసేది. తర్వాత గిన్నెలు తోమడం ఎట్లనో అదీ అట్లనే అయిపోయింది.

తంటా చర్చిలో వచ్చింది. నెలకోసారి ప్రభువు బల్ల ఉండేది, రొట్టె ముక్క, ద్రాక్షరసం ఇచ్చే ఆరాధన. అందరూ ముందుకు పోయి మోకరిస్తే, ఒక్కటే గిన్నె, ఒకరి పెదవుల నుంచి ఒకరికి పోయేది. బాపుకు డాక్టర్ అంటదని చెప్పాడు గానీ, పెద్దరోగం పెట్టుకుని అందరి గిన్నెలో మూతి పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. వెనక బెంచీలో కూర్చుండిపోయాడు. మా దగ్గర బల్ల తీసుకోకుండా కూర్చున్న మనిషి ఏదో పాపంలో ఉన్నట్టు లెక్క. ఒక నెల కూర్చుంటే ఒంట్లో బాగాలేదనుకుంటారు. రెండో నెల గుసగుసలు మొదలవుతాయి. మూడో నెలకు ఇంటికి మనిషి వస్తుంది.

వచ్చింది సంఘ పెద్ద భార్య. మాకు సండే స్కూల్ చెప్పేదీ ఆమే. లావుపాటి మనిషి, మంచి మనిషి. ఎవరింట్లో చావైనా ముందుగా అన్నం వండి తెచ్చేది ఆమే. ఆమెను అమ్మగారు అనేవాళ్ళం. నులక మంచం మీద కూర్చుని అవ్వ ఇచ్చిన చాయ్ తాగి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమే, దాస్తవేంది? తాగుతున్నడా?"

డిస్టిలరీ పక్కనే ఉంది. అక్కడ పనిచేసేవాళ్ళలో సగం మంది తాగేవాళ్ళు, మిగతా సగం మంది బట్టల్లోంచి కూడా ఆ వాసనే వచ్చేది. బాపు నెలకోసారి పని మాని ఎక్కడికో పోతున్నాడు. గోళీల వల్ల ముఖం నల్లబడింది, తాగి తాగి నల్లబడ్డాడని జనం అనుకున్నారు. అన్నీ కుదిరాయి.

నేను గడపలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నాను. అవ్వ ఖాళీ గ్లాసు అందుకుని కింద పెట్టింది. తర్వాత "అవు అమ్మగారు" అంది.

అమ్మగారు అవ్వ భుజం మీద చెయ్యి వేసింది. అవ్వ ఏడ్చింది కూడా. అది దొంగ ఏడుపు కాదని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు మాత్రం అవ్వ ఎంత బాగా నటించిందా అనుకున్నాను. ఆమె పోయాక తాత లోపలి మంచం మీద నుంచి "గదేం మాట?" అన్నాడు. "తాగుబోతు ఇంట్ల మంది నీళ్ళు తాగుతరు మామా. పెద్దరోగపోని ఇంట్ల తాగరు" అంది అవ్వ. బాపుకు అన్నం పెడుతూ అవ్వ జరిగింది చెప్పింది. బాపు తల ఊపి, పప్పు ఇంకొంచెం వేయమన్నాడు.

ఆ తర్వాత రెండు మూడు నెలలు బాపు ఊరికి తాగుబోతు. నల్లా దగ్గర ఆడవాళ్ళు అవ్వ మీద జాలి పడేవాళ్ళు, బిందె ముందుకు జరిపేవాళ్ళు. అవ్వ ఆ జాలిని కూడా వాడుకుంది. బాపు గోళీలకు కడుపులో తిప్పి బయట కక్కుకుంటే, అందరికీ వినబడేలా "తాగుడు తాగి కక్కుడు" అని తిట్టేది. బాపు నోరు కడుక్కుని లోపలికి వచ్చేవాడు. ఆ మనిషి పండగ రోజు కూడా కల్లు ముట్టి ఎరగడు. పాన్ దగ్గర మాత్రం ఆయన మాటకు లోటు రాలేదు. తాగుబోతు పాన్‌మాన్ ఫ్యాక్టరీలకు కొత్త కాదు. అవ్వ లెక్క తప్పలేదన్నమాట.

కానీ బడిలో పిల్లలు ఊరుకోరు కదా. నా ముందు తూలుతూ నడిచి చూపించేవాళ్ళు. నేను నవ్వినట్టు చేసేదాన్ని. ఒకమ్మాయి నాతో కలిసి చెరకు లాగడానికి రావడం మానేసింది, వాళ్ళమ్మ వద్దందట. అప్పుడు కూడా పెద్దగా ఏమీ అనిపించలేదు. ఏదో ఒకటి లోపల మొద్దుబారిపోయింది. దెబ్బ తగిలిన చోట నాలుగు రోజులకు నొప్పి తెలియకుండా పోతుంది కదా, అట్లా.

ఒక ఆదివారం సండే స్కూల్లో అమ్మగారు నన్ను లేచి నిలబడమంది. పిల్లలందరినీ కళ్ళు మూసుకోమంది. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, ఈ చిన్నబిడ్డను చూడు. ఈమె తండ్రిని తాగుడు బంధకాల నుంచి విడిపించు. ఈ బిడ్డ కడుపు మాడ్చి తాగుతున్న ఆ తండ్రిని..."

మా ఇంట్లో ఎవరి కడుపూ మాడలేదు. ఆ పొద్దున బాపు తన పళ్ళెంలోని గుడ్డు తీసి నాకు వేశాడు. అది గుర్తొచ్చిందో ఏమో తెలియదు. కళ్ళు తెరిచి, "మా బాపు తాగడు" అన్నాను.

ప్రార్థన ఆగింది. "తప్పు బిడ్డా, కండ్లు మూస్కో" అంది అమ్మగారు.

"మా బాపు తాగడు. దవాఖానకు పోతడు. గోళీలు మింగుతడు."

"ఏ దవాఖానకు?"

ఆ స్టేషన్ పేరు చెప్పాను.

ఆమె చెయ్యి నా నెత్తి మీద ఇంకొంచెం సేపు ఉంది. వెంటనే తీయలేదు, ఆ మాట చెప్పాలి. తర్వాత మెల్లగా ఎత్తింది. రెండు ముక్కల్లో ప్రార్థన ముగించి ఆమేన్ అంది. పిల్లలంతా ఆమేన్ అన్నారు. ఆమె అటు తిరిగి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. నేను చూశాను.

అల్లరేమీ జరగలేదు. ఎవరూ రాళ్ళు వేయలేదు, ఎవరూ వచ్చి పొమ్మనలేదు. నల్లా దగ్గర మా బిందె వంతు చివరికి పోయింది, అంతే. చాయ్ పోస్తే "ఇప్పుడే తాగొచ్చిన" అనేవాళ్ళు. పాన్ దగ్గర బాపుతో కలిసి నిలబడేవాళ్ళు తమ గ్లాసులు ఇంటి నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒకరోజు పెద్ద కెమిస్ట్ పిలిపించాడు. బాపు డాక్టర్ రాసిచ్చిన కాగితం పట్టుకుపోయాడు. ఆయన చదువుకున్నవాడు, కాగితం చదివి "నాకేం అభ్యంతరం లేదు, నీ పని నువ్వు చేసుకో" అన్నాడట. అయినా వారం తిరగకుండా బాపు పాన్ వదిలేసి ఫ్యాక్టరీ సైడింగుకు మారిపోయాడు. అంటే బొగ్గు వ్యాగన్లు లోపలికి, చక్కెర బస్తాల వ్యాగన్లు బయటికి పోయే పట్టాల దగ్గర. ఇంజను ముందుకు రావాలా, ఆగాలా అని జెండా ఊపే పని. ఆయనే అడిగి మారాడని అవ్వ అందరికీ చెప్పింది. "అడిగిండా, అడిగిచ్చిండ్రా?" అన్నాడు తాత. క్వార్టర్ మాత్రం పోలేదు.

బయటపెట్టింది నేనేనని అవ్వకు ఆ ఆదివారం సాయంత్రమే తెలిసింది. కొడుతుందనుకుని మూల నిలబడ్డాను. కొట్టలేదు. నా జడ విప్పి, నూనె పెట్టి, మళ్ళీ అల్లింది. అల్లుతూ వెనక నుంచి అంది.

"తాగుబోతు పెండ్లాం అంటే పడ్డ. గిప్పుడేమనుకుంట బతకాలె?"

జడ బిగుతుగా అల్లింది, రెండు రోజులు తల నొప్పి పెట్టింది. ఆ తర్వాత అవ్వ దాని గురించి నాతో మాట్లాడలేదు, నేను పెద్దయ్యాక కూడా.

మరుసటి సీజన్‌లో బడి సెలవుల్లో బాపుకు మధ్యాహ్నం తినే సద్ది నేనే తీసుకుపోయేదాన్ని. సైడింగు దగ్గర నీడ లేదు. ఖాళీ వ్యాగన్ పక్కన కూర్చుని తినేవాడు. పాన్‌ల వైపు నుంచి ఆవిరి లేస్తూ ఉండేది, ఆయన అటు చూసేవాడు కాదు. జెండా కర్ర రాపిడికి చేతులు బొబ్బలెక్కకుండా అవ్వ దానికి పాత చీర పేలికలు చుట్టి ఇచ్చింది. అప్పటికి గోళీలు అయిపోవచ్చాయి, ముఖం మళ్ళీ మామూలు రంగుకు వస్తోంది. వేళ్ళు మాత్రం డాక్టర్ చెప్పినట్టే.

ఒకరోజు పుంటికూర పప్పు, రొట్టె తీసుకుపోయాను. తింటున్నాడు. నాకు ఏం పుట్టిందో, "బాపూ, చర్చిల చెప్పింది నేనే" అన్నాను.

"ఎర్కే" అన్నాడు.

"ఎప్పటిసంది?"

"గా దినమే. అమ్మగారు నన్నే అడిగింది, నీ బిడ్డ గిట్లన్నది నిజమేనా అని." రొట్టె ముక్క ఎడమ చేత్తో తుంచుకున్నాడు. "మా బాపు తాగడు అన్నవట. రెండుసార్లు అన్నవట."

"అన్న."

ఆయన నమిలి మింగి, నీళ్ళు తాగాడు. ఇంజను కూత వేసింది, ఇంకా దూరంగానే ఉంది.

"గన్ని నెలలు మంది నన్ను తాగుబోతు అన్నరు బిడ్డా. పాన్ కాడ అన్నరు, చర్చిల అన్నరు. ఇంట్ల సుత గదే మాట. మా బాపు తాగడని అన్నది నువ్వొక్కదానివే" అన్నాడు. "పాన్ పోతే పోయింది తియ్యి."

లేచి, జెండా తీసుకుని పట్టాల దగ్గరికి పోయాడు. నేను గిన్నెలు సర్దుకున్నాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు. వ్యాగన్లు ఒక్కొక్కటే లోపలికి వచ్చాయి, ఆయన ఊపుతూ ఉన్నాడు.

ఇంటికి పోతే అవ్వ గడపలో నిలబడి ఉంది. "తిన్నడా? ఏమన్నడు?" అని అడిగింది. రోజూ అడిగేదే. తిన్నాడని, పప్పు బాగుందన్నాడని చెప్పాను. పప్పు గురించి ఆయన ఏమీ అనలేదు. అవ్వ సంతోషంగా లోపలికి పోయింది. ఆ తర్వాత ఆమె ముప్పై ఏళ్ళు పైనే బతికింది, చివరికి నా దగ్గరే ఉంది. చివరి రోజుల్లో బాపు గుర్తొచ్చి ఏవేవో అడిగేది, ఆయన సైడింగులో ఏం మాట్లాడేవాడని కూడా అడిగింది. తాగడని అన్నది నువ్వొక్కదానివే అని బాపు అన్న మాట నోటి దాకా వచ్చేది. ఆయనను కాపాడటానికి తాగుబోతు పెళ్ళాన్నని ఊరందరి ముందు ఒప్పుకున్న మనిషికి ఆ మాట ఎట్లా చెప్పను? చెప్పలేదు.